బంగారు కారా, వెండి కారా?

కొద్దికాలం క్రిందట ఒక మిత్రుని ఇంటికి వెళ్ళినప్పుడు వారి అద్దాల బీరువాలో రెండు బొమ్మకార్లు పక్కపక్కన కనిపించినవి. రెండూ అరచేతిలో ఇమిడేవే. రెండూ ఒకే చలనచిత్రంలోని ఒకే కారుకు నమూనాలు. అయితే ఒకటి బంగారు రంగుది, రెండవది వెండి రంగుది. మిత్రుని తండ్రిగారు 1960వ దశకంలో ఇంగ్లండులో చదువుకుంటున్నప్పుడు వాటిని కొన్నారట. నా వెంట వచ్చిన మా అమ్మాయి రెండింటినీ మార్చి మార్చి చూసి, "నాన్నా, ఇందులో ఏది అసలు రంగు?" అని అడిగినది. "వెండిదే" అని నేను తడుముకోకుండా చెప్పాను. పెద్దాయన చిరునవ్వు నవ్వి, "అంత తేలికగా తేల్చేయకు, బాబూ" అన్నారు. ఆ మాట పట్టుకొని వెతకగా నాకు తెలిసిన చరిత్రను ఇప్పుడు మీతో చెప్పదలచాను.

ఆ చలనచిత్రం పేరు "గోల్డ్‌ఫింగర్". 1964 సెప్టెంబరులో లండను నగరంలో విడుదలయినది. గై హామిల్టన్ దానికి దర్శకులు. జేమ్స్ బాండ్ అనే గూఢచారి వేషాన్ని షాన్ కానరీ ధరించారు. ఆ చిత్రంలో నాయకునితో సమానంగా జనాన్ని ఆకర్షించినది ఆయన నడిపిన కారు. అది ఆస్టన్ మార్టిన్ సంస్థవారి డి.బి.5. ముందు దీపాల చాటున మరతుపాకులు, గిర్రున తిరిగి అంకెలు మార్చే నంబరు పలకలు, వెనుక లేచి నిలిచే గుండు దూరని కవచం, పొగ, రోడ్డు మీద జారిపోయేటట్లు చేసే నూనె, అన్నింటినీ మించి పక్కన కూర్చున్న శత్రువును కప్పు గుండా పైకి ఎగరవేసే ఆసనం. కళాదర్శకుడు కెన్ ఆడమ్, యంత్రాల మాయలు చేసే జాన్ స్టియర్స్ కలిసి ఈ హంగులన్నీ సమకూర్చారు.

ఇక రంగు సంగతి. మూలంలోనికి పోతే మొదటి చిక్కు అక్కడే ఎదురవుతుంది. ఈ చిత్రానికి ఆధారమైన నవలను ఇయాన్ ఫ్లెమింగ్ 1959లో ప్రచురించారు. అందులో బాండ్ నడిపేది డి.బి.5 కానే కాదు. అప్పటికి డి.బి.5 పుట్టలేదు. నవలలోనిది అంతకు ముందు తరం ఆస్టన్ మార్టిన్. దాని రంగు వెండీ కాదు, బంగారమూ కాదు. యుద్ధనౌకలకు వేసే బూడిద రంగు. చిత్రనిర్మాతలు 1963లో వెలువడిన కొత్త కారును ఎన్నుకున్నారు. హంగులు అమర్చడానికి సంస్థవారు ఇచ్చినది ఆ తరగతిలో తొలి నమూనాగా తయారైన బండి. అది వారి చేతికి వచ్చినప్పుడు ముదురు ఎరుపు రంగులో ఉన్నది. దానిమీద చిత్రం కొరకు కొత్త పూత వేశారు. ఆ పూతకు సంస్థవారి పట్టికలో "సిల్వర్ బర్చ్" అని పేరు. బర్చ్ అనేది చలిదేశాలలో పెరిగే చెట్టు. దాని బెరడు తెల్లగా, వెండి ఛాయతో ఉంటుంది. మామూలుగా రోడ్డు మీద పరుగెత్తే దృశ్యాల కొరకు మరొక డి.బి.5ను కూడా వాడారు.

కాబట్టి మనం "అసలు" అనుకుంటున్న వెండి రంగు, నవలలోని బూడిద రంగును తోసిపుచ్చి, బండి మేనిమీది ఎరుపును కప్పిపుచ్చి వచ్చినది. ఈ సంగతి మనస్సులో ఉంచుకొని బొమ్మల కర్మాగారానికి వెళదాము.

జర్మనీలోని న్యూరెంబర్గు నగరం బొమ్మల పరిశ్రమకు పేరుపొందినది. అక్కడ ఆ వ్యాపారంలో ఆరితేరిన ఫిలిప్ ఉల్‌మన్ అనే యూదు జాతీయుడు, హిట్లరు అధికారానికి వచ్చిన 1933లోనే ఇంగ్లండుకు వచ్చి నార్తాంప్టన్ పట్టణంలో "మెట్టాయ్" అనే సంస్థను స్థాపించారు. ఆర్థర్ కాట్జ్ ఆయనకు కుడిభుజమైనారు. తరువాత వేల్సు ప్రాంతంలోని స్వాన్సీలో పెద్ద కర్మాగారం వెలసినది. 1956లో ఆ కర్మాగారం నుండి "కోర్గీ" అనే పేరుతో చిన్న లోహపు కార్లు బజారుకు వచ్చినవి. కోర్గీ అనేది ఆ ప్రాంతపు పొట్టి కాళ్ళ కుక్క జాతి పేరు. అప్పటికే బజారును ఏలుతున్న "డింకీ" బొమ్మకార్లకు కిటికీ అద్దాలు ఉండేవి కావు. కోర్గీవారు అద్దాలు పెట్టి, ఆ ఒక్క విశేషాన్నే చాటుకొని నిలదొక్కుకున్నారు. అనగా, అసలు కారుకు ఒక మెట్టు దగ్గరగా ఉండడమే వారి పరువు, వారి వ్యాపారం.

అటువంటివారు 1965లో జేమ్స్ బాండ్ కారును చేయ పూనుకున్నారు. కొత్తగా మూస చెక్కించడానికి వ్యవధి చాలలేదు. 1960లో తాము విడుదల చేసిన డి.బి.4 కారు మూసనే సవరించి పని జరుపుకున్నారు. ఒక మీట నొక్కితే ముందు తుపాకులు బయటకు వచ్చేవి. ఒకటి నొక్కితే వెనుక కవచం లేచేది. మరొకటి నొక్కితే కప్పు తెరుచుకొని లోపలి చిన్న దొంగ బొమ్మ ఎగిరి అవతల పడేది. ఎగిరిన దొంగ మంచాల క్రింద, బల్లల క్రింద మాయమవుతాడని వారికి తెలుసు. అందుచేత పెట్టెలో రహస్య పత్రాల కవరుతో పాటు రెండవ దొంగను కూడా పెట్టారు. ఇంత ముందుచూపు ఉన్నవారు రంగు విషయంలో మాత్రం తెరమీది వెండిని వదిలి బంగారు పూత ఎందుకు పూశారు?

చిత్రం పేరులోనే బంగారం ఉండడం ఒక కారణమని అనుకోవచ్చును. కాని సాధారణంగా చెప్పే కారణం వేరు. దానిని గ్రహించాలంటే ఈ బొమ్మలు ఎట్లా తయారవుతవో తెలియాలి. జింకులో నూటికి నాలుగు వంతుల పైచిలుకు అల్యూమినియం కలిపిన మిశ్రలోహాన్ని కరగించి, ఉక్కు మూసలోనికి ఒత్తిడితో పంపుతారు. క్షణాలలో అది గట్టిపడి కారు ఆకారంలో బయటకు వస్తుంది. ఆ పచ్చి పోతకు ఉండే రంగు మసక వెండి రంగు. దానిమీద వెండి పూత పూస్తే, పూత పూసినట్లే కనిపించదు. దుకాణంలో చూసిన తల్లిదండ్రులు, "ఇదేమిటి, రంగు వేయడం మరచిపోయినట్లున్నారు" అనుకుంటారు. అసలు కారులో ఐశ్వర్యాన్ని సూచించిన వెండి, బొమ్మ కారులో అసంపూర్తి పనికి గుర్తవుతుంది. అందుకే బంగారు రంగు వచ్చినది.

ఇది మోసమా? నేను రేడియోలో పనిచేసేవాడిని గనుక ఈ ప్రశ్న నాకు కొత్తది కాదు. నాటకంలో వాన కురవవలసి ఉంటే, నిజమైన వానను ముద్రించి వినిపిస్తే సరిపోతుందని కొత్తగా వచ్చినవారు అనుకుంటారు. ముద్రించి వింటే అది మూకుడులో అప్పడాలు వేగుతున్నట్లు ఉంటుంది. చేటలో బియ్యపు గింజలను మెల్లగా జారవిడిస్తే మాత్రం శ్రోత కిటికీ వైపు చూస్తాడు. గుర్రం పరుగుకు కొబ్బరి చిప్పలు, మంటల చిటపటకు నలిపిన కాగితం. ఇవేవీ అసలు వస్తువులు కావు. కాని శ్రోత చెవిలో అసలు వస్తువును నిలిపేవి అవే. కోర్గీవారు చేసినదీ ఇటువంటిదే. తెరమీది కారు చూసినవారికి కలిగిన వైభవ భావనను, లోహపు తునకమీద నిలపడానికి వేరే రంగును ఆశ్రయించారు.

ఫలితం ఏమైనదో అందరికీ తెలిసినదే. ఆ ఏడాది క్రిస్మసు పండుగకు ఆ కారు కొరకు దుకాణాల ముందు పిల్లలు ఎగబడ్డారు. బ్రిటను బొమ్మల వర్తకుల సంఘం 1965వ సంవత్సరపు ఉత్తమ బొమ్మగా దానిని ఎన్నుకున్నది. లక్షల సంఖ్యలో అమ్ముడుపోయినది. అయినను అసలుకు దగ్గరగా ఉండడమే పరువుగా పెట్టుకున్న సంస్థకు ఆ రంగు వెలితిగానే ఉన్నదేమో, 1968లో కొంచెం పెద్ద మూసలో, తిరిగే నంబరు పలకలతో, చక్రాల నుండి పొడుచుకువచ్చే కోరలతో, ఈసారి వెండి రంగులోనే మళ్ళీ విడుదల చేశారు. మా మిత్రుని బీరువాలోని రెండవ కారు అదే.

వెండి రంగు వేసినంత మాత్రాన చిక్కు తీరినదా? లేదు. అసలు చిక్కు అప్పుడే మొదలయినదని చెప్పవచ్చును. ఈనాడు దేశదేశాలలో ఎందరో పెద్దలు, విద్యావంతులు, తీరిక వేళలలో ఈ కారు నమూనాను స్వయంగా తయారుచేసి, తెరమీది వెండి ఛాయను దానిమీద దింపడానికి నెలల తరబడి పాటుపడుతున్నారు. అసలు కారుకు వేసిన పూతనే తెచ్చి బొమ్మకు పూస్తే సరిపోదా అని మనకు తోస్తుంది. ఇక్కడ కాస్త లెక్క వేసి చూడాలి.

వెండి పూత అంటే స్వచ్ఛమైన వార్నిషులో అల్యూమినియం రేకుల పొడి కలిపినది. ఆ రేకులు కంటికి ఆనవు. ఒక్కొక్కటి మిల్లీమీటరులో 50వ వంతు వెడల్పు ఉన్నదనుకుందాము. కోర్గీ వంటి చిన్న నమూనాలు అసలు కారులో సుమారు 43వ వంతు ఉంటవి. కారు 43 రెట్లు తగ్గినది కాని, పొడిలోని రేకు తగ్గలేదు. అదే రేకు అసలు కారు మీద దాదాపు ఒక మిల్లీమీటరు వెడల్పు ఉంటే ఎట్లా ఉంటుందో, బొమ్మ మీద అట్లా ఉంటుంది. అనగా, ఒళ్ళంతా గసగసాలు చల్లినట్లు. పూత మందం సంగతీ అంతే. కారు మీద మిల్లీమీటరులో పదవ వంతు ఉండే పూతను అట్లాగే బొమ్మ మీద వేస్తే, అది నాలుగు మిల్లీమీటర్ల మందాన అట్టు పోసినట్లు లెక్క. తలుపుకూ ఒంటికీ మధ్య అసలు కారులో నాలుగు మిల్లీమీటర్ల సందు ఉంటే, బొమ్మలో అది మిల్లీమీటరులో పదవ వంతు కూడా ఉండదు. ఆ పూత దానిని పూడ్చివేస్తుంది. అసలు పూతే అసలు రూపాన్ని చెరిపివేస్తుందన్నమాట.

దూరం లెక్క కూడా ఉన్నది. 24వ వంతు నమూనాను అర మీటరు దూరం నుండి చూస్తే, అసలు కారును 12 మీటర్ల దూరం నుండి చూసినట్లు. అంత దూరం నుండి కారును చూసేవారికి రేకులు కనిపించవు. మెరుపు మాత్రమే కనిపిస్తుంది. అందుచేత అనుభవం గలవారు మిక్కిలి సన్నని పొడి గల వెండి పూతను ఎన్నుకుంటారు. ముందుగా కారును నల్లని నిగనిగలాడే పూతతో నున్న చేస్తారు. దానిమీద గాలి తుపాకితో వెండిని మంచు కురిసినట్లు పలుచగా, పొర మీద పొరగా పట్టిస్తారు. అడుగున ఉన్న నలుపు వెండికి లోతు ఇస్తుంది. బూడిద రంగు అడుగు పూత అయితే అదే వెండి మెత్తబడి మసకగా ఉంటుంది. ఏది తగునో ముందుగా తెలియదు. అందుకని ప్లాస్టిక్ చెంచాల వీపుల మీద రకరకాలుగా పూసి, ఎండబెట్టి, వరుసగా పేర్చి చూసుకుంటారు. చెంచా వీపు కారు కప్పు వలె వంపు తిరిగి ఉండడమే అందులోని కిటుకు.

సరే, ఆ చెంచాలను దేనితో పోల్చి చూడాలి? చిత్రంతోనే గదా అందురు. కాని చిత్రంలో ఆ కారు ఏ రెండు దృశ్యాలలోనూ ఒకే రంగులో లేదు. స్విట్జర్లండులోని ఫుర్కా కనుమలో, పచ్చని కొండవాలుల నడుమ, తేటని వెలుగులో అది ఒక తీరున ఉంటుంది. లండను చెంత పైన్‌వుడ్ స్టూడియోలో విద్యుద్దీపాల క్రింద మరొక తీరున ఉంటుంది. వెండికి తనదంటూ రంగు ఏది? ఆకాశాన్నీ, రోడ్డునూ, చెట్టునూ అరువు తెచ్చుకొని చూపించేది వెండి. దీనికి తోడు ఆ కాలపు రంగు చిత్రాల ఫిల్ములో నీలి, పసుపు రంగులు ఏళ్ళు గడిచిన కొద్దీ వెలిసి, ఎరుపు తేలిపోయేది. పాత ప్రతిలో చూసినవారి వెండి ఒకటి, ఇటీవల శుద్ధిచేసిన ప్రతిలో చూసినవారి వెండి మరొకటి.

ఇది ఈ ఒక్క కారుకు పట్టిన గతి కాదు. 1966లో అమెరికా టెలివిజనులోనూ వెండితెర మీదా కనిపించిన "బాట్‌మాన్" నాయకుని నల్లని కారునే చూడండి. అది 1955లో లింకన్ ఫ్యూచురా అనే పేరుతో ప్రదర్శన కొరకు ఇటలీలోని ట్యూరిను నగరంలో తయారయినది. అప్పుడు దాని రంగు ముత్యపు తెలుపు.  1959లో ఒక హాస్య చిత్రం కొరకు దానికి ఎరుపు వేశారు. ఆపైన జార్జి బారిస్ చేతిలో నల్లబడి, లోకానికంతటికీ ఆ నలుపుతోనే పరిచయమయినది. దాని నమూనాకు తెలుపు వేస్తే తప్పని ఈనాడు ఎవరైనా అంటారు. కాని పుట్టుక రంగు అదే గదా!

మళ్ళీ మన ఆస్టన్ మార్టిన్ కథకు వద్దాము. చిత్రంలోని హంగుల కారును ఆ తరువాత సంస్థవారు హంగులన్నీ ఊడదీసి మామూలు కారు వలె అమ్మివేశారు. కొన్నవారు మళ్ళీ హంగులు అమర్చుకున్నారు. 1997లో అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రంలో ఒక విమానాల కొట్టం నుండి అది దొంగలపాలయినది. దానికి జంటగా రోడ్డు దృశ్యాలలో నడిచిన కారు 2010లో లండను వేలంపాటలో 26 లక్షల పౌండ్లకు పోయినది. కథ అక్కడితో ముగియలేదు. 2020లో ఆస్టన్ మార్టిన్ సంస్థవారే చిత్రంలోని హంగులతో 25 కొత్త కార్లు తయారుచేయడం మొదలుపెట్టారు. అన్నింటికీ ఒకటే రంగు, సిల్వర్ బర్చ్. కొన్నవారికి వేరొక రంగు కోరుకునే అవకాశం లేదు. ఒకనాడు ఎరుపు మీద పూసిన పై పూత ఈనాడు విధిగా పాటించవలసిన శాసనమయినది. 2018లో లెగో సంస్థవారు ప్లాస్టిక్ ముక్కలతో ఇదే కారును విడుదల చేసినప్పుడు, దానిని లేత బూడిద రంగులోనే చేశారు. తెలిసో తెలియకో వారు నవలలోని రంగు దరిదాపులకే చేరుకున్నారు.

మరి ఆ బంగారు బొమ్మ? మెట్టాయ్ సంస్థ 1983లో అప్పులలో మునిగి చేతులు మారినది. కోర్గీ పేరు మాత్రం నిలిచినది. 1965 నాటి బంగారు కారు చెక్కుచెదరకుండా, పెట్టెతో, కవరుతో, రెండవ దొంగతో సహా దొరికితే సేకరించేవారు కళ్ళకద్దుకుంటారు. అంచులు రాలి లోహం బయటపడిన కార్లను బాగుచేసేవారు, ఆ నాటి బంగారు ఛాయ సరిగ్గా ఏదో పట్టుకోవడానికి వెండివారు పడినంత పాటూ పడుతున్నారు. తప్పుగా వేసినదని అందరూ ఒప్పుకున్న రంగుకు కూడా ఈనాడు సరైన ఛాయ, కాని ఛాయ ఏర్పడినవి. నకలు తానే ఒక అసలు అయి కూర్చున్నది.

దీని నుండి నాకు తోచినది ఒక్కటే. నమూనా చేసేవాడు డబ్బాలోని రంగుకు ఋణపడి లేడు. చూసేవాని కంటిలో నిలిచిన రంగుకు ఋణపడి ఉన్నాడు. ఆ ఋణం తీర్చడానికి డబ్బాలోని రంగును మార్చవలసి వస్తే మార్చక తప్పదు. అయితే ఇష్టం వచ్చినట్లు మార్చడానికి ఇది అనుమతి కాదు. చేటలో బియ్యం జార్చేవాడు వానను ఎంతో శ్రద్ధగా విన్నవాడై ఉండాలి. 1965లో బంగారం పూసినవారు వెండి తమ లోహం మీద ఎట్లా ఉంటుందో ఎరిగి పూశారు. 1968లో వెండి పూసినవారు కొన్నవారి కంటిని ఎరిగి పూశారు. ఎరుగక చేసిన మార్పే తప్పు.

మొన్న మళ్ళీ మిత్రుని ఇంటికి వెళ్ళినప్పుడు ఈ చరిత్రనంతా పెద్దాయనకు వినిపించాను. ఆయన ఓపికగా విని, బంగారు కారును నా చేతిలో పెట్టి ఇట్లా అన్నారు: "ఇది కొన్నప్పుడు నేనింకా ఆ సినిమా చూడలేదు, బాబూ. మా తమ్ముడికి పంపుదామని కొని, మనసొప్పక నా దగ్గరే ఉంచుకున్నాను. తరువాత సినిమాకు వెళితే తెరమీద కారు వెండి రంగులో వచ్చింది. సినిమావాళ్ళు రంగు తప్పు వేశారేమిటా అనుకున్నాను."

మా అమ్మాయి ఆ మాటకు పకపక నవ్వినది. కాసేపటికి నవ్వు ఆపి, బంగారు కారును దీపం దగ్గర పెట్టి, వెండి కారును కిటికీ దగ్గర పెట్టి, రెండింటినీ వంగి చూడడం మొదలుపెట్టినది. ఏది అసలు రంగు అని ఈసారి నన్ను అడగలేదు.